లోపల వదిలిన గుడ్డ

గురువారం పొద్దున ఆఫీసుకు వెళ్ళే రైల్లో ఉండగా అంకుల్ ఫోన్ వచ్చింది. "మీ ఆంటీ వెళ్ళిపోయిందమ్మా. లేచి టీ పెట్టింది, కప్పుల్లో పోసింది, కుర్చీలో కూర్చుంది. అంతే" అన్నారు. తర్వాతి స్టేషన్‌లో దిగి, అవతలి ప్లాట్‌ఫాం మీద వెనక్కి వెళ్ళే రైలు కోసం ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఆవిడ మిషన్ మీద సగంలో ఉన్న బ్లౌజు ఎవరిది, దాన్ని ఇప్పుడు ఎవరు పూర్తి చేయాలి అన్న ఆలోచనే వచ్చింది. ఏడేళ్ళు ఆవిడ పక్కన కూర్చున్నందుకు నాకు అంటుకున్న జబ్బు ఇది.

ఆక్లాండ్ శివారు పేటలు న్యూ లిన్, హెండర్సన్‌లలోని తెలుగువాళ్ళకు ఆవిడ బ్లౌజుల ఆంటీ. చీరాల వైపు మనిషి. అంకుల్‌కు ఇక్కడ ఉద్యోగం దొరికితే, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, సూట్‌కేసులో చీరల మధ్య కుట్టుమిషన్ తల పెట్టుకుని ఆక్లాండ్‌లో దిగారు. డెయిరీకి పాల కోసం వెళ్ళినా మెడలో టేపు ఉండేది. గుడ్డ మీద గీతలకు చాక్ కొనేవారు కాదు. అరిగిపోయిన స్నానం సబ్బు ముక్కలను ఎండబెట్టి డబ్బాలో దాచుకునేవారు. ఆవిడ గదిలోకి అడుగు పెడితే ముందు సబ్బు వాసనే తగిలేది.

అందరూ ఆవిడను బ్లౌజుల గురించే తలచుకుంటున్నారు కాబట్టి, నేను ఇంకో సంగతి రాయాలనుకున్నాను. ఆంటీ ఒక కారు కూడా కుట్టారు.

దానికి ముందు నా ఆకుపచ్చ బ్లౌజు సంగతి చెప్పాలి. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆవిడ దగ్గర కుట్టించుకున్నాను. బాబు పుట్టాక అది పట్టలేదు. ఆంటీ రెండు పక్కలా కుట్లు విప్పి, లోపల మడిచి ఉంచిన గుడ్డ బయటికి తీసి పది నిమిషాల్లో సరిచేశారు. అయితే విప్పిన చోట, ఎండా ఉతుకూ తగలని గుడ్డ ముదురు గీతలా కనిపించింది.

"గీత కనవడ్తుంది గదా ఆంటీ, లావైనట్టు అందరికి తెలుస్తది" అన్నాను.

"తెలియనీవే. అది లావైన గీత కాదు, నేను ముందు చూసుకున్న గీత. ఇవాళ్టి ఒంటికి మాత్రమే కుట్టేవాళ్ళు కుట్టేవాళ్ళేనా?" అన్నారు, నోట్లో సూది అలాగే ఉంచుకుని. ఆదివారాలు వచ్చి నేర్చుకుంటానని ఆ రోజే అడిగాను. ఒకసారి, కుట్టు శుభ్రంగా కనపడాలని గొప్పకు పోయి, ఒక జాకెట్టు లోపలి గుడ్డంతా కత్తిరించేశాను. ఆంటీ తిట్టలేదు. ఆ కత్తిరింపులు నా చేతిలో పెట్టి, "ఇవి మళ్ళీ అతికించు" అన్నారు.

ఆంటీ వాళ్ళ ఎదురింట్లో ఒక కివీ పెద్దాయన ఉంటారు. ఇటుకల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు, ఒక్కరే ఉంటారు. ఒకరోజు ఆయన గ్యారేజీలో అమెరికా నుంచి ఓడలో వచ్చిన కారు దిగింది. యాభై తొమ్మిది మోడల్ కాడిలాక్. గ్యారేజీ తలుపు మూతపడలేదు, తోక బయటే ఉండిపోయింది. ఆ తోకకు రెండు పక్కలా ఎత్తైన రెక్కలు, ఒక్కో రెక్కకు తూటాల్లా రెండేసి ఎర్రలైట్లు. ఆ కంపెనీ అంత ఎత్తు రెక్కలు ఆ ఒక్క ఏడాదే పెట్టిందని, మరుసటి ఏటికే తగ్గించేసిందని పెద్దాయన చెప్పారు. ఆంటీ చుట్టూ తిరిగి చూసి, "పట్టుచీర కట్టుకుని బజారుకొచ్చినట్టుంది" అన్నారు. తర్వాత ఎడమవైపు తలుపు తీసి దర్జాగా కూర్చున్నారు. అమెరికా కారు కాబట్టి స్టీరింగ్ ఎడమవైపే ఉంది. అది ఎదురుగా కనపడేసరికి, "ఇదేవిటే, నన్ను తోలమంటున్నాడా?" అని గభాలున దిగిపోయారు.

కారు బాగానే నడుస్తోంది. సీట్లే పోయాయి, స్పాంజి అంతా ఎలుకలు తినేశాయి. హామిల్టన్‌లో పాత అమెరికా కార్లవాళ్ళ పోటీ జరుగుతుంది. అక్కడ ప్రతి కారునూ టార్చ్‌లైట్ వేసి, పాత క్యాటలాగు పక్కన పెట్టుకుని చూస్తారు. పెద్దాయనకు దాంట్లో నిలబడాలని ఆశ. సీట్లవాళ్ళను అడిగితే నల్ల రెక్సిన్ వేసుకోమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. అమెరికాలో ఎవరి దగ్గరో ఆ కారుకు సరైన గుడ్డ, నీలం మీద వెండిపోగు మెరిసేది, ఆఖరి ముక్క ఉంటే తెప్పించారు. అది తప్ప ఇంకెక్కడా లేదు.

పెద్దాయన ఆ క్యాటలాగు తెస్తే, ఆంటీ వంటింటి బల్ల మీద పరిచి మేం ముగ్గురం చూశాం. ఆ ఏడాది కార్లన్నిటికీ మొహం ఒకటే, రెక్కలు ఒకటే. అన్నిటికంటే కింద సిరీస్ సిక్స్‌టీ టూ. దానికి పై రకం డివిల్, దానికి రెక్క పక్కన పేరు రాసి ఉంటుంది. ఆ పైన ఫ్లీట్‌వుడ్, లోపల ఇంకాస్త మెత్తన. అన్నిటినీ మించి ఎల్డొరాడో. నాలుగు తలుపుల కారుకు కప్పుల్లోనూ రెండు రకాలు. ఒకటి పలకలా చదునుగా వెనక అద్దం మీదికి పొడుచుకు వచ్చింది. రెండోది వెనక్కి వంపు తిరిగి, పక్కకు మూడేసి కిటికీలతో ఉంది. పెద్దాయనది ఆ మూడు కిటికీల సిక్స్‌టీ టూ.

ఆంటీ భూతద్దం పెట్టి సీట్ల బొమ్మలు మాత్రమే చూశారు. "ఒకే తాను గుడ్డే ఇది. అంచులు మార్చి నలుగురికి నాలుగు చీరలు చేశారు. ఈయనది రోజూ కట్టుకునేది. మడతలు తక్కువ, అంచుకు రెక్సిన్. నేను కుడతానని చెప్పు" అన్నారు.

"ఆంటీ, గది బ్లౌజు కాదు" అన్నాను తెలుగులో, పెద్దాయన వైపు నవ్వుతూ.

"తెలుసే. బ్లౌజైతే వేసుకున్న మనిషి చేతులెత్తుతుంది, ఊపిరి పీలుస్తుంది. ఇది కదలదు. చెప్పు."

చెప్పాను. పెద్దాయన ఆవిడ మెడలోని టేపును చాలాసేపు చూశారు. వారం తిరిగేసరికి ఆంటీ పాత దుప్పటితో ముందు సీటు మొత్తం నమూనా కుట్టి గ్యారేజీలో తొడిగారు. ఆయన స్కేలు తీసి ప్రతి మడతా కొలిచారు. కొలిచి, ఎప్పుడు మొదలుపెడతారని అడిగారు. దళసరి గుడ్డకు పనికొచ్చే పాత మిషన్ ఒకటి ఆయనే ఎక్కడినుంచో వెతికి తెచ్చారు.

రెండు నెలలు కుట్టారు. పోటీ మూడు వారాల్లో ఉందనగా, వెనక కుడి తలుపు లోపలి పలకకు గుడ్డ చాల్లేదు. జానెడు తక్కువ పడింది. క్యాటలాగు లెక్కన గుడ్డ సరిపోవాలి. పెద్దాయన సీటు తిరగేసి చూశారు. ప్రతి కుట్టు లోపలా రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ మడిచి, తెల్లదారంతో టాకాలు వేసి ఉంది.

"అన్ని కుట్లలోనూనా? ఎందుకు?" అని నన్ను అడిగారు. ఆయన మొహం ఎర్రబడింది.

నేను ఆంటీని అడిగాను. ఆవిడ తడబడలేదు. "అలవాటు కొద్దీ వదిలాను. గుడ్డ ఎంతుందో చూసుకోకుండా వదలడం తప్పే, తప్పు నాదేనని చెప్పు. కానీ విప్పను. ఈ గుడ్డ మళ్ళీ దొరకదని ఆయనే అన్నాడుగా? దొరకని గుడ్డకే లోపల ఎక్కువ ఉంచాలి."

"సీటు లావెక్కదు కదా" అన్నారు పెద్దాయన.

"చిరగదా?" అన్నారు ఆంటీ.

ఆయన వెళ్ళిపోయారు. కాసేపటికి లాన్ కోసే మిషన్ చప్పుడు మొదలైంది, గంటసేపు ఆగలేదు. నాకు ఆంటీ మీదే కోపం వచ్చింది. ఆయన నా మాట నమ్మి గుడ్డ ఇచ్చారు, నాలుగు కుట్లు విప్పితే జానెడు గుడ్డ వస్తుంది, ఈవిడ పంతానికి పోతోంది అనుకున్నాను. పైకి కూడా అన్నాను. ఆంటీ కత్తిరింపుల సంచీ నేల మీద బోర్లించి, ముక్కలు ఏరడం మొదలుపెట్టారు.

జాకెట్టు ముక్క చాలకపోతే మన దర్జీలు చంకలో అతుకు వేస్తారు కదా, చెయ్యి దించితే కనపడకుండా. ఆంటీ ఆ పనే చేశారు. నాలుగు ముక్కలను వెండిపోగు వరస తప్పకుండా కలిపి, ఆ అతుకులు తలుపు మీది మెరిసే స్టీలు పట్టీ కిందికి వచ్చేలా కుట్టారు. మూడుసార్లు పోగు కలవలేదు, మూడుసార్లూ విప్పారు. నాలుగోసారి పెద్దాయన్ని పిలిచి, అతుకు ఎక్కడుందో చూపించమన్నారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెతికారు. వెతికి వెతికి, చివరికి చెయ్యి చాచి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆ తర్వాత ఆయన కూడా ఆవిడను ఆంటీ అనే పిలిచారు, ఆవిడ కంటే పదిహేనేళ్ళు పెద్దయినా.

హామిల్టన్‌లో బహుమతి రాలేదు. ఇంజనులో ఏదో గొట్టం సరైనది కాదన్నారు. సీట్ల గురించి మంచీ చెడూ ఒక్క మాట రాలేదు. నాకు చిన్నతనంగా అనిపించింది. ఆంటీ మాత్రం, "మాట రాలేదంటే తప్పు దొరకలేదన్నమాట. పద, ఆకలేస్తోంది" అని పులిహోర డబ్బా మూత తీశారు. పెద్దాయన రెండుసార్లు పెట్టించుకున్నారు.

అయిదేళ్ళు గడిచాయి. ఇక్కడి ఎండకు నీలం కాస్త వెలిసింది.

ఆంటీ పోయిన మర్నాడు నేను సెలవు పెట్టి వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దాయన వాకిట్లో నా కోసమే నిలబడి ఉన్నారు. రేపు గ్లెన్ ఈడెన్ శ్మశానానికి అంకుల్‌ను తన కారులోనే తీసుకెళ్తానన్నారు. చెప్పి, తలుపు తీసి చూపించారు. ఆయన ఎక్కీ దిగీ, ముందు సీటు ఎడమ అంచున, రెక్సిన్‌తో కలిసే చోట గుడ్డ జానెడు చిరిగి ఉంది. వారం కిందటే చూశారట. ఆంటీకి చెబుదామని ఆగారట. "ఇలా ఆమె దగ్గరికి తీసుకెళ్ళలేను" అన్నారు.

నేను కుడతానన్నాను. అనేశాక భయం వేసింది. దళసరి గుడ్డ కుట్టే ఆ పాత మిషన్ మీద ఆంటీ నన్ను ఒక్కసారి కూడా కూర్చోనివ్వలేదు. గుడ్డ ఎక్కడా లేదు. రేపు పది గంటలకల్లా కారు కదలాలి.

చిరిగిన అంచు కుట్టులోకి పోవాలంటే గుడ్డ మొత్తం ఎడమవైపుకు ఒక వేలి వెడల్పున జరగాలి. అలా జరగాలంటే కుడివైపు కుట్టులో గుడ్డ ఉండాలి. సీటు కవరు ఊడదీసి, తిరగేసి, కుడి కుట్టు విప్పాను. మడతలో రెండు వేళ్ళ గుడ్డ ఉంది. కొత్త నీలం, వెండిపోగు మెరుస్తూ. దాని మీద ఆంటీ గీసిన సబ్బు గీత చెరగకుండా అలాగే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన ఏమీ లేదు. అప్పుడు ఏడ్చాను, గ్యారేజీ నేల మీద కూర్చుని, గట్టిగానే. పెద్దాయన బయటికి వెళ్ళి నిలబడ్డారు.

ఆయన తిరిగొచ్చాక చెప్పాను. గుడ్డ జరిగితే మడతలన్నీ క్యాటలాగు బొమ్మకు ఒక వేలెడు పక్కకు పోతాయి, కుడి అంచున ముదురు గీత కూడా పడుతుంది అని. మడతలను స్కేలుతో కొలిచిన మనిషి ఆయన. "కుట్టు" అన్నారు.

రెండు వేళ్ళూ లాగేస్తే నాకు పని తేలిక. చిరుగు లోపలికి బాగా పోతుంది, చెయ్యి వంకర పోయినా కప్పుకుంటుంది. కత్తెర పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఒక వేలెడే తీశాను. మొదటిసారి కుట్టు వంకర పోయింది, విప్పాను. రెండోసారీ పోయింది, విప్పాను. మూడోసారి నిలబడింది. మిగిలిన వేలెడునూ లోపలికి మడిచి, తెల్లదారంతో టాకాలు వేశాను. సాయంత్రం టీ వేళకు సీటు మళ్ళీ కారులో ఉంది.

శనివారం అంకుల్ ముందు సీటులో కుడివైపు కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను, అతుకున్న తలుపు పక్కన. కారు గ్రేట్ నార్త్ రోడ్డు ఎక్కాక అంకుల్ చెయ్యి సీటు అంచు మీద ఆగింది. వెలిసిన నీలం పక్కన వేలెడు వెడల్పున ముదురు నీలం.

"ఈ గీత ఏవిటమ్మా?" అని అడిగారు.

"ఆంటీ ముందు చూసుకున్నది, అంకుల్. చిరిగితే పనికొస్తదని లోపల వదిలిండ్రు. నిన్న విప్పిన."

"అయిపోయిందా, ఇంకా ఉందా లోపల?" అన్నారు అంకుల్.

"ఒక వేలెడు ఉన్నది, అంకుల్."

ఆయన తలూపారు. గ్లెన్ ఈడెన్ వచ్చేదాకా ఆ గీత మీద నుంచి వేలు తియ్యలేదు.