వాగుకు ఎడమ పక్కన పాతిన మేకు

అరవైల చివర్లో గోదావరిఖని చుట్టూ గనులకన్నా అడవే ఎక్కువ. కొత్త గని తవ్వాలంటే ముందు నేలకింద బొగ్గు ఎంత లోతులో ఉందో చూడటానికి బోరు వేయాలి. ఎక్కడ వేయాలో ఆఫీసులో కూర్చున్నవాళ్ళు నక్షలో చుక్క పెట్టి పంపేవారు. ఆ చుక్కను అడవిలో వెతికి పట్టుకుని, అక్కడ కొయ్యమేకు పాతడం మా సర్వే జట్టు పని. నేను ఆ జట్టులో సర్వేయరుకు సహాయకుడిగా చేరాను.

చేరాను అని తేలికగా రాశాను గాని, అంతకుముందు మా ఇంట్లో ఎవరూ ఇంకొకరి కింద పని చేసి ఎరుగరు. తాతగారి కాలంలో చుట్టుపక్కల ఊళ్ళు మావి. నాన్న కాలానికి మేముండే కోటలాంటి ఇల్లు, గడి ఒక్కటే మిగిలింది. నా కాలానికి గడికి పైకప్పు కూడా లేదు. అక్కడినుంచి నేను తెచ్చుకున్నవి నిటారుగా నడిచే అలవాటు, తాతగారి చేతికర్ర. నల్లని కర్ర, వెండి పిడి. ఆయన లాగే దాన్ని ఎడమ చంకలో ఇరికించుకుని నడిచేవాణ్ణి. చెట్లు నరికే కూలీలు నన్ను చూసి, "దొర షికారుకెల్లిండు, పులులు పైలం" అని నవ్వుకునేవారు. నాకు వినిపించినా విననట్టే ఉండేవాణ్ణి.

జట్టులో ఎర్రజెండా పట్టుకుని ముందు నడిచే ఆయనది మా ఊరే. ఆయన తండ్రి మా గడిలో పనిచేశాడు. ఈయన పడుచుతనంలోనే ఊరు విడిచి గనులకొచ్చి, ఇక్కడే క్రైస్తవుడై, పిల్లల్ని మిషన్ బడిలో వేశాడు. జట్టంతటిలో నన్ను "చిన్నదొరా" అని పిలిచేది ఆయనొక్కడే. ఏళ్ళ తరబడి రోజుకూలీగానే ఉన్నాడు. ఆ ఏడాది కొందరిని పర్మినెంటు చేస్తారని, అందుకు ఎవరి పేరో సర్వేయరే రాసి పంపాలని తెలిసింది. ఈసారి తప్పితే ఆయనకు వయసు దాటిపోతుంది. పేరు రాయమని సర్వేయరును అడిగాడే గాని, వయసు మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అయినా అందరికీ తెలుసు.

ఒకరోజు సర్వేయరుకు జ్వరమొచ్చింది. బోరు మిషను రెండు రోజుల్లో వస్తుంది, మేకు పడాలి. ఆయన మంచంమీదనుంచే నక్ష, కంపాస్ నా చేతికిచ్చి, "ఇనుము దగ్గరికి రానివ్వకండి. ఆగిన ప్రతి మజిలీలో వెనక్కి తిరిగి కూడా అంకె చదవండి" అని చెప్పి పంపాడు. ముందుకు చదివిన అంకెకూ, వెనక్కి చదివిన అంకెకూ మధ్య సరిగ్గా నూట ఎనభై డిగ్రీల తేడా ఉండాలి. లేకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టు.

మూడు ఊళ్ళ హద్దు రాయి దగ్గర మొదలుపెట్టాం. మోదుగలు పూసి ఉన్నాయి. గొడ్డళ్ళవాళ్ళను దూరంగా నిలబెట్టాను. కొలత గొలుసును పక్కకు జరిపించాను. ఒకడి మొలకున్న చాకు కూడా తీయించి అవతల పెట్టించాను. కుడిచేత్తో కంపాస్ కంటికి ఆనించి, అంకె చూసి, జెండాను ఎడమకో కుడికో జరగమని చెయ్యి ఊపేవాణ్ణి. జెండా ఆయన నిలిచిన చోటికి వెళ్ళి, అక్కడినుంచి మళ్ళీ ముందుకు. మా ఇంటివాడి మాటమీద పదిమంది నడవడం ఎన్నో ఏళ్ళ తర్వాత. వెనక్కి తిరిగి చూడాలని అనిపించలేదు.

రెండో మజిలీలో జెండా ఆయన నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "ఒక్కపారి ఎనుకకు గూడ సూడుండ్రి చిన్నదొరా. సారు గట్లనే చేస్తడు."

"నాకే నేర్పేంతోనివి అయినవా?" అన్నాను.

ఆయన జెండా తీసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఎండిన వాగొకటి అడ్డమొచ్చింది. నక్షలో మా చుక్క వాగుకు కుడి పక్కనే ఉంది. నా కంపాస్ మాత్రం మమ్మల్ని వాగు దాటించి ఎడమ పక్కకు తీసుకుపోయింది.

"నక్షల గిట్లనే ఉన్నదా?" అని జెండా దగ్గరినుంచి అరిచాడాయన.

"నక్ష పాతది. వాగు తొవ్వ మార్చుకున్నది."

"దొర హుకుం లేకుండ ఎట్ల మారిందో!" అన్నాడు గొడ్డలి పట్టిన కూలీ ఒకడు. అందరూ నవ్వారు. నేను నవ్వకుండా మేకు పాతించాను. ఇప్పుడు తలుచుకుంటే, ఎన్నో ఏళ్ళుగా పారుతున్న వాగుదే తప్పనుకోవడానికి ఎంత ధైర్యం కావాలో అనిపిస్తుంది.

మూడోరోజు సర్వేయరు కోలుకుని వచ్చాడు. కోస్తావాడు, మాట కటువు, పని నిఖార్సు. వాగు దాటుతూనే ఆగిపోయాడు. నక్ష చూశాడు, మేకు చూశాడు. ఎడ్లబండ్లలో బోరు మిషను సామాను అప్పటికే సగం దారిలో ఉంది.

"జెండా ఎవడు పట్టాడయ్యా?"

ఆయన ముందుకొచ్చాడు.

"ఏం తాగొచ్చి పట్టావు? నిలబడమన్న చోట నిలబడటం కూడా రాదా? నీ పేరు రాయమని అడిగావే, దీనికి ఏమని రాయమంటావు?"

ఆయన తాగడని అందరికీ తెలుసు. ఆయన నా ముఖం వైపు చూడలేదు. నా చంకలో ఉన్న కర్ర వైపు చూశాడు.

అప్పుడు వెలిగింది నాకు. అది పైకి కర్రే గాని లోపల మూరెడు కత్తి. గుప్తి అంటారు. ప్రతి దసరాకు ఆయుధాల పూజకు ముందు కత్తిని బయటికి లాగి నూనె రాసింది ఈయన తండ్రే. పక్కన గిన్నె పట్టుకుని ఈయన కూర్చునేవాడని నాన్న చెప్పేవారు. అందరి ఇనుమూ దూరం పెట్టించి, నా ఇనుమును కంపాస్ కిందే పెట్టుకుని రోజంతా నడిచాను. అది ఇనుమని నాకు తోచలేదు. నా మటుకు అది తాతగారు.

చెప్పకపోయినా జరిగిపోతుంది. నన్నెవరూ అడగరు. మా వంశంలో ఎవరైనా కూలీల ముందు తప్పు ఒప్పుకున్నారా అని వెతుక్కున్నాను. ఒక్కరూ గుర్తుకు రాలేదు.

"తప్పు ఆయనది కాదు సార్, నాది" అన్నాను. కత్తి దూసి చూపించాను. కంపాస్ రాతిమీద పెట్టి కత్తిని దగ్గరికి తెస్తే లోపలి అంకెల పళ్ళెం గిర్రున తిరిగింది. "వెనక్కి చూడమని ఆయన చెప్పిండు. నేనే వినలేదు."

"అవ్వో! కట్టె కడుపుల కత్తి! దొరలింట్ల కట్టెను గూడ నమ్మద్దురా బయ్!" అన్నాడు ఆ కూలీయే. నవ్వు ఆగలేదు.

సర్వేయరు నవ్వలేదు. "కంపాస్ ఇటివ్వండి. కొన్నాళ్ళు మీరు జెండా పట్టుకోండి" అన్నాడు. ఆపైన ఆయనవైపు తిరిగి, "పేరు రాస్తాలేవయ్యా" అని గొణిగాడు.

ఎర్రజెండా నా చేతికొచ్చింది. కొత్త మేకు పాతడానికి వెళుతున్నప్పుడు ఆయన్ను అడిగాను, "కత్తి సంగతి నీకు ముందే తెలుసు గదా, ఎందుకు చెప్పలేదు?"

"ఆ పొద్దు నాకు గూడ యాదికి రాలే. గీ పొద్దు సారు తిడ్తాంటె యాదికొచ్చింది."

"మరి అప్పుడన్న చెప్పచ్చు గద."

"మీ ఇంటి సంగతి, మీరు చెప్తే మంచిగుంటదని సూసిన." నాలుగడుగులు వేసి, "ఇంకింత సేపు సూసి నేనే చెప్తుంటి. పిల్లలు గలోన్ని" అన్నాడు.

ఆ మాటకు కోపం రాలేదంటే అబద్ధం. నేనేదో దయ చేశానని, ఆయన చేతులెత్తి దండం పెడతాడని ఎదురుచూస్తూ నడుస్తున్నాను అప్పటిదాకా.

ఎండాకాలం చివర పర్మినెంటు లిస్టు వచ్చింది. ఆయన పేరుంది. మర్నాడు పనికి బూందీ పొట్లం తెచ్చి, గొడ్డళ్ళవాళ్ళ నుంచి మొదలుపెట్టి అందరికీ పిడికెడు పిడికెడు పంచాడు. నా వంతు వచ్చినప్పుడు, నాకు ఇంకొంచెం ఎక్కువ పెడతాడని దోసిలి పట్టాను. అందరికీ పెట్టినంతే పెట్టి, పక్కనున్న అతనివైపు జరిగాడు.