ఆర్లీన్ పట్టుకున్న పాటలు

హ్యూస్టన్‌లో ఉన్న ఒక ప్రభుత్వ కళల హైస్కూల్లో ఆర్లీన్ గిడ్రీ ఇరవై రెండేళ్లుగా పియానో వాయిస్తోంది. టీచరు కాదు, గాయని కాదు. పాడేవాళ్ల వెనక కూర్చునే మనిషి. ప్రవేశ పరీక్షల రోజు ఎవరో ఒక తల్లి ఆమె చేతికి తన కోటు ఇచ్చి తగిలించమంటుంది. ఆమె తగిలిస్తుంది.

ఆదివారం మాత్రం చర్చిలో ఆర్గన్ ఆమెది. పాడేవాళ్లు శ్రుతి తప్పితే అక్కడ ఆర్గనే జరిగి వాళ్ల దారికి రావాలి. తప్పినట్టు విన్నవాళ్లకే కాదు, పాడినవాళ్లకూ తెలియకూడదు. దాన్ని చర్చివాళ్లు ‘పట్టుకోవడం’ అంటారు. ఆర్లీన్‌లా పట్టుకునేవాళ్లు ఆ పేటలో లేరు. ఆ సంగతి అందరికంటే ఆర్లీన్‌కే బాగా తెలుసు.

ఈ ఏడాది పరీక్షకు జోనెల్ వచ్చింది. పద్నాలుగేళ్ల పిల్ల, మూడేళ్లుగా ఆర్లీన్ ఆర్గన్ పక్కన నిలబడి పాడుతోంది. ఇక్కడ సీటు రాకపోతే ఇంటి దగ్గర స్కూలే గతి. అక్కడ సంగీతం క్లాసు ఎత్తేసి నాలుగేళ్లయింది.

సంగీత విభాగం పెద్ద లిండ్‌క్విస్ట్ పొద్దున్నే వచ్చి చెప్పాడు. “ఆర్లీన్, మీ చర్చి విద్య ఇక్కడొద్దు. పిల్ల తప్పితే తప్పనీండి. మేం వినాల్సింది అదే.”

“నాకు కొత్తగా చెప్తున్నారా? కాగితం మీదున్నదే వాయిస్తాను లెండి,” అంది ఆర్లీన్.

మూడో చరణంలో జోనెల్ గొంతు అరమెట్టు పైకి పోయింది. ఆర్లీన్ వేళ్లు జరగబోయి ఆగాయి. అక్కడినుంచి పాట ఒక దారి, పియానో ఒక దారి. పిల్ల ఒకసారి తిరిగి చూసి, ఆపకుండా చివరిదాకా పాడింది. ముగ్గురు పరీక్షకులూ తలొంచుకుని రాసుకున్నారు.

ఆర్లీన్ వరండాలోకి రాగానే జోనెల్ ఎదురొచ్చింది.

“మిస్ ఆర్లీన్, ఆ పియానో పాడైంది! వాళ్లకి చెప్పండి, నాకు ఇంకో ఛాన్స్ ఇస్తారు.”

“పియానో బానే ఉంది.”

“మరి చర్చిలో ఎప్పుడూ ఇలా అవలేదేం?”

ఆర్లీన్ వెనక తలుపు దగ్గరికి వేసింది.

“అయ్యేది, తల్లీ. దాదాపు ప్రతి ఆదివారం. నీకు వినపడకుండా నేనే పట్టుకునేదాన్ని.”

జోనెల్ ఏడవలేదు. “ఒక్క ఆదివారమైనా వదిలేసి ఉంటే నేర్చుకునేదాన్నిగా,” అంది.

ఇన్నేళ్లలో మొదటిసారి ఆర్లీన్‌కు తన చేతులను చూస్తే సిగ్గేసింది. లోపల ఇంకో పిల్ల పేరు పిలిచారు. ఆమె వెళ్లి పియానో ముందు కూర్చుంది.