గుంటలో డీజిల్ మాయమైన రోజు

మా ఆయన ఏ పనికైనా పూనుకుంటే నేను ముందుగా తుడిచే గుడ్డ వెతుక్కుంటాను. యంత్రాల జిడ్డు కడిగే మందులు తయారుచేసే ఫ్యాక్టరీలో, మాలూరులో ఆయన ఉద్యోగం. మారికుప్పం నుంచి రైల్లో వెళ్తూ వస్తూ ఫోన్‌లో వీడియోలు చూసి అన్నీ తెలిసిన మనిషైపోయాడు.

ఆ వేసవిలో శ్రీనివాసపురం దగ్గర మా అత్త మామిడితోటకు వెళ్లాం. బోరు ఎండిపోయింది. మిగిలింది ఒకటే గుంట. అత్త ఆవు తాగేది ఆ నీళ్లే, ఆమె ముద్దుగా పెంచుకునే చేపలు బతికేదీ అందులోనే. గట్టు మీది ఇంజన్ నుంచి డీజిల్ కారి నీళ్ల మీద పొరలా తేలుతోంది. నేనూ అత్తా పాత నూలుచీర చెరో కొస పట్టుకుని ఆ పొరను ఒడ్డుకు ఈడ్చడం మొదలుపెట్టాం.

"ఆ చీర పని ఇడిసిపెట్టండి. సముద్రంలో ఓడ పగిలితే విమానంలోనుంచి మందు చల్లుతారు. నూనె కనపడకుండా పోతాది," అన్నాడు ఆయన.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లి జిడ్డు కడిగే మందు క్యాన్ తెచ్చాడు. గట్టు చుట్టూ తిరుగుతూ పూజారి తీర్థం చల్లినట్టు చల్లి, గడకర్రతో కలియబెట్టాడు. సాయంత్రానికి పొర లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని ఫోటో తీయమన్నాడు. నవ్వాపుకుని తీశాను.

"నూనె యాడికి పోయిందప్పా?" అంది అత్త.

"మాయమైపోయిందిమ్మా."

"బిందెలో పోసుకోని ఎవరూ ఎత్తుకోని పోలేదే."

తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మధ్యాహ్నానికి వెల్లకిలా తేలాయి. డీజిల్ ఎక్కడికీ పోలేదు. మందు దాన్ని సన్నటి బొట్లుగా చీల్చి, చేపలుండే లోతుకు దింపింది. పైన ఉన్నప్పుడు చీరకైనా అంటుకునేది, ఇప్పుడు మొప్పలకు అంటుకుంది. పైగా ఆ మందు కూడా నీళ్లలోనే ఉంది. ముందురోజు నవ్వాపుకున్న నాకు చేపలను బుట్టలోకి ఎత్తుతుంటే ఏడుపొచ్చింది.

"ఎండకు సచ్చినాయి. నీళ్లు చూడు, ఎంత బాగుండాయో," అన్నాడు ఆయన.

అత్త చెంబు ముంచి ఆయన చేతికిచ్చింది. "తాగప్పా."

ఆయన చెంబులోకి చూశాడు. నా వైపు చూశాడు. నేను బుట్ట సర్దుకున్నాను.

"నాకు దప్పి లేదుమ్మా."

"ఆవుకు ఉండాది," అంది అత్త.