విషయం: పన్ను సమస్య

మా అమ్మ నోట్లో పళ్ళు వయసు మీదపడి ఊడినవి కావు. ఒక్కొక్కటిగా పీకేసినవి. పీకినవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. మాకు దగ్గర్లో ఉన్న సర్కారు ఆసుపత్రిలో పంటికి తెలిసిన వైద్యం అదొక్కటే. నొప్పి అంటూ వెళ్ళినా పీకుతారు, పుచ్చింది అంటూ వెళ్ళినా పీకుతారు. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అంటారు. మాకు ఆ రాయిని ఎంచుకునే వీలు కూడా లేదు.

అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, పెళ్ళయి బెజవాడ వెళ్ళింది. అమ్మ పామర్రు దగ్గర పల్లెకి వచ్చింది. తేడా అంతే. ఇద్దరూ ఉయ్యూరులో పుట్టి, చెరుకుగడల్ని పళ్ళతోనే చీల్చుకు తిని పెరిగినవాళ్ళు. పిన్నికీ పళ్ళు పుచ్చాయి. కానీ ఆవిడ ఆటో ఎక్కితే కాసేపట్లో పెద్ద సర్కారు దంతాల ఆసుపత్రి. వాళ్ళు పుచ్చు తీసి, లోపల నరం శుభ్రం చేసి, పైన తొడుగు వేసి పంపారు. ఇప్పటికీ మా ఇంటికి వస్తే చెరుకుముక్క అడిగి మరీ నములుతుంది. అమ్మ పక్కనే కూర్చుని గ్లాసులో రసం తాగుతుంది. ఒక్క తల్లి పిల్లలే. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పిన్ని మీద కాదు.

అమ్మ తెలుగు టీచరు. "త, థ, ద, ధ, న. ఇవి దంత్యాలు. నాలుక వెళ్ళి పంటికి తగిలితేనే పలుకుతాయి" అని మా ఊళ్ళో సగం మందికి నేర్పిన మనిషి. రిటైరయ్యాక చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆవిడే. ముందు పళ్ళు కూడా పోయాక ఓ ఆదివారం "దేవుడు" అన్న మాట గాలిగా బయటికొచ్చింది. పిల్లలు నవ్వారు. ఆ తర్వాత అమ్మ చదవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టింది. పళ్ళు కట్టించుకుందామంటే అదీ బెజవాడలోనే. కొలతలకు ఓసారి, సరిచూడటానికి ఓసారి, చిగుళ్ళకు గుచ్చుకుంటే మళ్ళీ ఓసారి. ఆ మోకాళ్ళతో అన్నిసార్లు బస్సెక్కడం తన వల్ల కాదంది.

ఇప్పుడు నా వంతు వచ్చింది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఓ మధ్యాహ్నం మంచినీళ్ళు తాగుతుంటే కుడివైపు దవడ పన్ను చెవి దాకా లాగేసింది. అమ్మకీ మొదట పోయింది దవడ పన్నే. ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ చిన్నపిల్ల, నెమ్మదస్తురాలు, నోట్లో టార్చి వేసి చూసి నిట్టూర్చింది.

"నరం తీస్తే ఈ పన్ను నిలుస్తుంది ఆంటీ. ఆ సామాను మాకివ్వలేదు. పీకేయనా?"

"వద్దమ్మా. ఇది పీకించుకోను."

"మరి విజయవాడ వెళ్తారా?"

వెళ్ళాను కూడా. పొద్దున్నే మొదటి బస్సెక్కి దిగేసరికి ఆ రోజు టోకెన్లు అయిపోయాయి. పిన్ని భోజనం పెట్టి, "వారం రోజులు మా ఇంట్లో ఉండి చేయించుకుపోవే" అంది. ప్రేమగానే అంది. నాకే ఉక్రోషం ఆగలేదు. "నేనుంటాను సరే పిన్నీ, మా వీధి వీధంతటికీ నీ ఇంట్లో చోటుందా?" అన్నాను. ఆవిడ నా కంచం తీసి పక్కన పెట్టింది. తర్వాత, "అయితే ఆ మాట నన్నడిగి ఏం లాభం? అడగాల్సినవాళ్ళని అడుగు" అంది.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. సోమవారం అర్జీలు తీసుకునే ఆఫీసుకు వెళ్ళి, మా ఆసుపత్రిలో కూడా పన్ను బాగుచేసే ఏర్పాటు కావాలని రాసిచ్చాను. పైన విషయం రాయమంటే "పన్ను సమస్య" అని రాశాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

కొన్నాళ్ళకు పంచాయతీ నుంచి ఒకతను సైకిలేసుకుని వచ్చాడు. మిషను పక్కన నిలబడి అన్నాడు, "అక్కా, మీ ఇంటి పన్ను మొత్తం కట్టేసుంది. సమస్యంటూ పైకి రాశారంట. ఏంటది?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు బార్లా తెరిచి వేలితో చూపించాను. "ఇదయ్యా నా పన్ను."

అతను వంగి చూశాడు, పాపం. "ఇది మా సెక్షన్లోకి రాదక్కా" అన్నాడు. అప్పటికే నా అర్జీ పరిష్కారమైనట్టు రాసేశారట. అరుగు మీద కూర్చున్న అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. నేను నవ్వలేదు. బెజవాడ వాళ్ళు కట్టినట్టే మేమూ పన్ను కట్టాం. వాళ్ళ పన్ను నోట్లో ఉంది, మా పన్ను చెత్తబుట్టలో ఉంది. ఇలాంటివి పంటి బిగువున భరించాలంటారు. దానికైనా పళ్ళుండాలి కదా.

మళ్ళీ రాయడానికి కూర్చుంటే అమ్మ కాగితం లాక్కుని విషయం తనే రాసింది. గుండ్రటి అక్షరాలతో "దంత వైద్యం" అని. ఈసారి తనూ వస్తానంది. బస్సెక్కించడానికి కిందనుంచి నేను తోయాల్సి వచ్చింది.

ఆఫీసులో మా వంతు వచ్చింది. అధికారి కుర్రాడే, మర్యాదస్తుడు. కాగితం తీసుకోకముందే అమ్మ వైపు తిరిగి, "చెప్పండమ్మా, దేని గురించి?" అన్నారు.

అమ్మ కొంగు దించింది. "హంహ వైయ్యం."

"ఏంటమ్మా?"

"హంహ" అంది మళ్ళీ, బలంగా. వెనక లైనులో ఎవరో నవ్వారు. అమ్మ కొంగు పైకెత్తలేదు. మూడోసారి కూడా అదే మాట చెప్పింది. ఆయన ఇబ్బందిగా నా వంక చూసి, "సారీ అండీ, నాకర్థం కావట్లేదు" అన్నారు.

"అదేనండీ మా అర్జీ" అన్నాను. "మా అమ్మ తెలుగు టీచరు. బెజవాడలో ఉండుంటే ఆ మాట మీకు అర్థమయ్యేది. ఆవిడ చెల్లెలు చెబితే అర్థమవుతుంది. ఆవిడవి ఎలాగూ పోయాయి. నావి పోకముందు, మా వీధిలో పిల్లలవి పోకముందు, పీకడం కాక ఇంకో వైద్యం మా దగ్గరికి రావాలి. వచ్చేదాకా ప్రతి సోమవారం ఇద్దరం వస్తాం."

ఆయన కాగితం అందుకుని చదువుకున్నారు. పక్కనున్న గుమాస్తాకు ఇవ్వకుండా తనే ఏదో రాసుకున్నారు. "చూస్తానమ్మా" అన్నారు. అంతటితో లేవాలి. అమ్మ లేవలేదు. క్లాసులో పిల్లల్ని చదవమన్నట్టు, ఆయన రాసిన దాని వైపు వేలు చూపించింది.

"పైకి చదవమంటున్నారండీ" అన్నాను.

ఆయన నా మొహం చూసి, అమ్మ మొహం చూసి చదివారు. "దంత వైద్యం."

ద, త, ద. మూడూ స్పష్టంగా పలికాయి. ఆయనకు పళ్ళన్నీ ఉన్నాయి. అమ్మ సరేనన్నట్టు తలూపి, నా భుజం పట్టుకుని లేచింది.

నా పన్ను ఇంకా సలుపుతూనే ఉంది. పీకించలేదు. రేపు సోమవారం.