అక్క బంతికి రెండోసారి వేసిన పొక్కలు

బౌలింగ్ బంతికి పొక్కలు వేయడంలో కరీంనగర్‌లో నన్ను మించినవాడు లేడు. ఇక్కడ ఆ పని చేసేది నేనొక్కణ్ణే కాబట్టి ఈ మాట చెప్పడానికి మొహమాటపడను.

పద్నాలుగేళ్లు కువైట్‌లో ఒక బౌలింగ్ హాల్లో పనిచేశాను. క్రికెట్ కాదు, లేన్ అనే పొడవాటి చెక్క పలకల దారి మీద బరువైన బంతి దొర్లించి, చివర నిలబెట్టిన సీసాల్లాంటి పది పిన్నులు పడగొట్టే ఆట. మొదట నేల తుడిచాను, తర్వాత పిన్నులు నిలబెట్టే యంత్రాలు బాగుచేశాను, చివరి ఆరేళ్లు డ్రిల్లింగ్ గదిలో ఒక ఫిలిప్పీన్స్ పెద్దమనిషి పక్కన నిలబడి పని నేర్చుకున్నాను. తిరిగొచ్చాక ఇక్కడ కొత్తగా తెరిచిన మాల్ పైఅంతస్తులో నాలుగు లేన్లు చూసుకునే ఉద్యోగం దొరికింది. వెనక చిన్న గదిలో డ్రిల్లింగ్ మిషన్ బిగించుకున్నాను. హాల్లో అందరికీ ఇచ్చే బంతులు వేరు. ఆట మీద మనసు పడ్డవాళ్లు సొంత బంతి తెప్పించుకుంటారు. అది నున్నగా, ఒక్క పొక్క కూడా లేకుండా వస్తుంది. బొటనవేలికి, నడిమి వేలికి, ఉంగరపు వేలికి మూడు పొక్కలు ఎక్కడ వేయాలో నిర్ణయించేది నేను.

ఎక్కడ వేస్తే ఏముంది అనుకుంటారు చాలామంది. బంతి లోపల ఒక బరువు ఉంటుంది. అది పూర్తి గుండ్రంగా ఉండదు. దాని నెత్తి ఎటుందో తెలియడానికి పైన చిన్న రంగు చుక్క ఉంటుంది. వేళ్ల పొక్కలకు ఆ చుక్క ఎటువైపు, ఎంత దూరంలో పడితే బంతి నడక అట్లా ఉంటుంది. లేన్ ముందు భాగమంతా నూనె పూసి ఉంటుంది, పిన్నుల దగ్గర పొడిగా ఉంటుంది. చుక్క ఒకచోట పడితే బంతి తొందరగా నేలను పట్టుకొని సగం దారిలోనే ఒంపు తిరుగుతుంది. ఇంకోచోట పడితే నూనె దాటేదాకా నేరుగా జారి, పిన్నుల ముందు ఒక్కసారిగా మలుపు తీసుకుంటుంది.

ఇదంతా తెలిసి కూడా మా అక్క బంతి పాడుచేశాను.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నిర్మల్ దగ్గర ఊళ్లో ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. పొగాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంటే డాక్టర్ ఆ పని మానేయమన్నాడు. బావ పోయి అప్పటికే నాలుగేళ్లు. కొన్నాళ్లు మా దగ్గర ఉందువుగాని రమ్మని తీసుకొచ్చాను. చేతిలో పని లేక ఆమెకు ఏమీ తోచేది కాదు. టీవీ ముందు కూర్చున్నా వేళ్లు ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉండేవి.

ఒక మధ్యాహ్నం నాకు అన్నం డబ్బా తీసుకొని మాల్‌కు వచ్చింది. లేన్లు ఖాళీగా ఉన్నాయి. జర ఒకటి వేసి చూస్తానంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, హాల్ బూట్లు తొడుక్కొని, తేలికపాటి బంతి తీసుకొని నెమ్మదిగా వదిలింది. హాల్ బంతులు అంత తేలిగ్గా ఒంపు తిరగవు. అక్క వదిలింది మాత్రం చివర్లో ఎడమకు తిరిగి ఏడు పిన్నులు పడగొట్టింది. ఆ రోజు నుంచి రోజూ డబ్బా తానే తెచ్చి, సాయంత్రందాకా ఆడేది. రెండు నెలల్లో సాయంత్రం వచ్చే కాలేజీ పిల్లలు ఆమె ఆడుతుంటే ఆగి చూసేదాకా వచ్చింది.

సంతోషం పట్టలేక హైదరాబాద్ నుంచి ఆమెకు పన్నెండు పౌండ్ల కొత్త బంతి తెప్పించాను. నా సొంత బంతికి ఏ లెక్కన పొక్కలు వేసుకున్నానో అదే లెక్కన వేశాను. చుక్క ఉంగరపు వేలి పక్కకు వచ్చింది. నా బంతితో నేను కువైట్‌లో కప్పులు గెలిచాను. అంతకంటే మంచి లెక్క ఏముంటుంది అనుకున్నాను.

ఆ బంతి ఆమె మాట వినలేదు. సగం దారిలోనే ఒంపు మొదలుపెట్టి, పిన్నుల దగ్గరికి చేరేసరికి ఊపంతా పోయి, ముందు పిన్నుకు తగలకుండా ఎడమ పక్కకు పోయేది. తప్పు చేతిదే అన్నాను. మణికట్టు తిప్పొద్దన్నాను, గట్టిగా విసరమన్నాను. మూడు వారాలు నేను చెప్పినట్టే చేసింది. మణికట్టు వాచింది. తర్వాత డబ్బా నా భార్యే తీసుకొచ్చింది.

ఎందుకు రావడం లేదని ఇంట్లో అడిగాను. అక్క చిక్కుడుకాయలు ఈనె తీస్తూ తలెత్తకుండా చెప్పింది.

"పదిమందిమి ఒక్క అరుగు మీద కూసొని సుట్టేటోళ్లం తమ్మీ. అన్ని బీడీలు కలిపినా నేను సుట్టినయి ఏవో నాకు ఎరికే. ఎవలి చెయ్యి వాళ్లదే. నువ్వు నీ చేతికి తగ్గ పొక్కలేసి, నా చెయ్యి మార్సుకోమంటున్నవ్."

నాకు కోపం వచ్చింది. పద్నాలుగేళ్ల పని నాది, రెండు నెలల ఆట ఆమెది. అయితే మంచం మీద కూర్చొని ఆలోచిస్తే కోపం నిలవలేదు. ఫిలిప్పీన్స్ పెద్దాయన మనిషి పది బంతులు విసరడం కళ్లారా చూడకుండా డ్రిల్లు ముట్టేవాడు కాదు. నేనూ బయటివాళ్ల దగ్గర అట్లాగే చేస్తాను. సొంత అక్క దగ్గర చూడాల్సింది ఏముందనుకున్నాను.

"రేపు పొద్దున ఒక్కసారి రా అక్కా. నీ ఇష్టమొచ్చినట్టు ఏయి. నేనేమీ అనను," అన్నాను.

మాల్ తెరవకముందే వెళ్లాం. మొదటి బంతికే నాకు సంగతి తెలిసింది. నాది వేగం ఎక్కువ, తిప్పుడు తక్కువ. తొందరగా నేలను పట్టుకునే బంతి నాకు కావాలి. అక్క నెమ్మదిగా వదులుతుంది, కానీ ముప్పై ఏళ్లు ఆకు చుట్టిన ఆ వేళ్లు బంతిని బొంగరంలా తిప్పుతాయి. తానే ఒంపు తిరిగే బంతికి నేను ఇంకింత ఒంపు చేర్చి పెట్టాను.

బంతి దొర్లినప్పుడు దాని ఒంటికి నూనె వలయాలు అంటుకుంటాయి. మొదటి వలయం మీద మైనపు పెన్సిల్‌తో గీసి, దాని నడిమి చోటు కొలిచి, అక్కడ తెల్ల టేపు ముక్క అంటించాను. అదే ఆమె బంతి తిరిగే ఇరుసు కొస. మళ్లీ వేయమన్నాను. బంతంతా గిరగిరా తిరుగుతుంటే టేపు ముక్క మాత్రం కదలనట్టు కనబడింది. నా కొస కంటే ఆమెది అంగుళానికి పైగా లోపలికి, వేళ్ల పొక్కల వైపు ఉంది. అక్క నా పక్కకు వచ్చి, ఆ తెల్లది తిరుగుతలేదేమని అడిగింది. చెప్పాను. శ్రద్ధగా విన్నది.

పాత పొక్కల్లో ప్లాస్టిక్ ద్రవం పోసి, గట్టిపడేదాకా ఒకరోజు ఆగి, నున్నగా రుద్దాను. ఈసారి ఆమె ఇరుసు కొస నుంచి చుక్క ఐదంగుళాల దూరంలో పడేట్టు కొలిచాను. చుక్క వేళ్ల పైకి, నడిమి వేలి దగ్గరికి వచ్చింది. బొటనవేలి పొక్క కూడా కొంచెం వదులు చేశాను.

అక్క ఎప్పటిలాగే నెమ్మదిగా వదిలింది. బంతి నూనె మీద తిన్నగా పోయింది, ఇంకా పోయింది, ఇక తిరగదేమో అనుకున్నప్పుడు తిరిగింది. పది పిన్నులూ పడ్డాయి. అక్క నావైపు చూడలేదు. బంతి వెనక్కి వచ్చేచోట చేయి పెట్టి నిలబడింది.

ఆ ఏడాది హైదరాబాద్‌లో యాభై దాటిన ఆడవాళ్ల పోటీకి ఇద్దరం బస్సులో వెళ్లాం. ట్రాక్ ప్యాంట్ల మధ్య చీర కట్టింది ఆమె ఒక్కతే. మొదటి రెండు ఆటల్లో అందరికంటే ముందుంది. మూడో ఆటకు లేన్ మీద నూనె అరిగిపోయి బంతి మళ్లీ ముందే తిరగడం మొదలుపెట్టింది. నేను వెనక నుంచి చెప్పబోయేలోపే తానే రెండు పలకలు ఎడమకు జరిగి నిలబడింది. అయినా ఆరు పిన్నుల తేడాతో రెండో స్థానం వచ్చింది. గెలిచినామె వచ్చి అక్క చేయి పట్టుకొని వేళ్లు తడిమి చూసింది.

తిరుగు బస్సు సిద్దిపేట దాటాక అక్క నిద్రపోయిందనుకున్నాను.

"నూనె ఎండినంక నడిసేటి బంతి ఇంకోటి కావాలె తమ్మీ. సుక్క ఏడ పెట్టాల్నో నువ్వు సూడు. గాని ముందుగాల నేనెట్ల ఏస్తున్ననో సూడు," అంది.

కొన్నాళ్లకని వచ్చిన అక్క మాతోనే ఉండిపోయింది. ఆ రెండో బంతి పోయిన నెల వచ్చింది. పొడి నేలను తొందరగా పట్టుకోకుండా దానికి పైపూత మెరిసేది ఎంచి, చుక్కను ఇరుసు కొసకు ఇంకా దూరం జరిపాను. మంచి పని చేశానని నాకు తెలుసు. రెండింట్లో ఏది ఎప్పుడు తీయాలో మాత్రం అక్కే నిర్ణయిస్తుంది.