సునందక్క సీటు

పదకొండేళ్ళుగా ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి, అది మాత్రం దిగదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు ఎందుకు ఆగుతాను?

అప్పుడు నేనూ సునందక్కా కెనడాలో ఏజాక్స్ అనే ఊళ్ళో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఒకే కాలేజీ. ఆవిడ నాకన్నా ఆరేళ్ళు పెద్ద, ఏడో ఏట నుంచి వయొలిన్ నేర్చుకున్న మనిషి. కార్పెట్ మీద దుప్పటి పరుచుకుని, బాసింపట్టు వేసుకుని, వయొలిన్ కొస కాలి చీలమండకి ఆనించి వాయించేది. నాకు కమాను పట్టుకోవడం నేర్పిందే ఆవిడ. నేను వాయిస్తే పిల్లి ఏడ్చినట్టుండేది. అయినా విసుక్కోలేదు మహాతల్లి.

కాలేజీలో ఆర్కెస్ట్రా క్లాసు ఉందని ఆవిడకి తెలిసింది. మంగళవారం సాయంత్రాలు. ఎవరైనా చేరొచ్చు, కాకపోతే రెండు నిమిషాల రికార్డింగ్ పెట్టాలి, సీటు ముందొచ్చినవాళ్ళకే. వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్‌ని బతిమాలి మంగళవారం షిఫ్టు మార్పించుకుంది. వెస్టర్న్ సంగీతాన్ని గీతల మీద రాసే స్టాఫ్ నొటేషన్ రాక, వీడియోలు చూసి, ఆ గీతల కింద పెన్సిల్‌తో సరిగమలు రాసుకుని నేర్చుకుంది. నా ఫోన్‌లో మోహన రాగం రికార్డు చేసింది. రిజిస్ట్రేషన్ తెరిచే రోజు పొద్దున ఆవిడకి డ్యూటీ, ఫోన్లు లాకర్‌లో పెట్టేయాలి. పాస్‌వర్డ్ నాకిచ్చి, నువ్వే చేసిపెట్టవే అంది.

నేను పేజీ తెరిచాను. వయొలిన్‌కి ఒక్కటే సీటు మిగిలి ఉంది. అప్పటికి తెరిచి ఉన్నది నా లాగిన్.

మార్చడానికి ఎంతసేపు పడుతుంది? అర నిమిషం. మార్చలేదు. ఎందుకు? ఆవిడ వాయిస్తుంటే పైన ఓనరు ఆంటీ కూడా మెట్ల మీద కూర్చుని వినేది, నన్ను మాత్రం చూసేదే కాదు, అదా కారణం? లేక ఈ ఊళ్ళో నాకంటూ గొప్పగా చెప్పుకోవడానికి ఒక్కటైనా ఉండాలన్న ఏడుపా? ఏమో. కుళ్ళు. దానికి ఇంకో పేరు పెట్టను. ఆవిడ రికార్డింగ్‌నే నా పేరు మీద అప్‌లోడ్ చేశాను.

సాయంత్రం వచ్చి షూస్ కూడా విప్పకుండా అడిగింది.

"అయిందా?"

"సీట్లు అయిపోయాయక్కా. నేను తెరిచేసరికే."

"ఒక్కటి కూడా లేదా?"

"లేదు."

వంగి షూస్ విప్పింది. తర్వాత, "పోనీలే, నువ్వేం చేస్తావు" అని నా తల నిమిరింది. మర్నాడు మళ్ళీ మంగళవారం షిఫ్టే తీసుకుంది.

లైబ్రరీలో గ్రూప్ ప్రాజెక్టు అని చెప్పి క్లాసుకి వెళ్ళాను. సిగ్గు లేకపోతే సరి. వయొలిన్ కాలేజీ వాళ్ళే ఇచ్చారు. చివరి వరసలో కూర్చుని, దొరికిపోతానేమోనని కమాను తీగకి తగలకుండా గాల్లోనే ఆడించేదాన్ని. రెండో వారం కండక్టర్ అందర్నీ ఆపి, చివరి వరస చాలా బాగుంది అంది. నన్నే చూస్తూ. నా తీగలు కదల్లేదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ మా వైపు నుంచి, ఎక్కడో కింద నుంచి, ఒక జారు వినిపించింది. గాంధారం నుంచి పంచమానికి, నేను ఫోన్‌లో ఎన్నోసార్లు విన్న జారు.

నా పక్కన రిటైరైన చైనీస్ పెద్దాయన కూర్చునేవాడు. ప్రతి వారం తన కుర్చీని రెండడుగులు అవతలికి జరుపుకునేవాడు. నా ఒంటి వాసన ఏమోనని సిగ్గుపడి, ఒకరోజు అడిగేశాను. ఆయన మొహమాటంగా నవ్వి, నీ ఫ్రెండ్ నేల మీద కూర్చుంటుంది కదా, కాలు తగులుతుందేమోనని, అన్నాడు.

కిందికి చూశాను. అక్కడ నేల తప్ప ఏమీ లేదు.

ఆ వారమే అన్నం తింటూ సునందక్క మామూలుగా చెప్పింది. మంగళవారం బ్రేక్‌లో కునుకు పడుతోందట. ఏదో పెద్ద హాల్లో కింద కూర్చుని వాయిస్తున్నట్టు కల, నేల మరీ చల్లగా ఉంటోందట. నేను ఆవిడకి ఇంకాస్త పప్పు వేశాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. భయమేసింది, ఆవిడంటే కాదు, నేనంటే.

తొమ్మిదో వారం పెద్దాయన కుర్చీని నా దగ్గరగా వేసుకున్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఇవాళ నీ ఫ్రెండ్ రాలేదే అన్నాడు. ఆ రోజు మా వైపు నుంచి ఏ శబ్దమూ లేదు. కాసేపటికి నా ఫోన్ మోగింది. వేర్‌హౌస్ నుంచి. కన్వేయర్ బెల్టులో సునందక్క ఎడమ చెయ్యి పడింది. రెండు వేళ్ళు పోయాయి.

ఎడమ చెయ్యి. స్వరాలు పలికించే చెయ్యి. మంగళవారం, అదే టైమ్‌కి. ఆవిడ ఉండాల్సిన చోట నేను కూర్చుని ఉన్నాను.

ఆస్పత్రిలో కట్టుతో ఉన్న చెయ్యి దిండు మీద పెట్టుకుని నన్నే ఓదార్చింది. "ఏడవకే. ఆ సీటు దొరక్కపోవడమే మంచిదైంది. దొరికుంటే ఇప్పుడు ఇంకెంత బాధపడేదాన్నో." దొరికుంటే ఆ వేళ్ళు ఉండేవి. అది తెలిసింది ఆ గదిలో నాకొక్కదానికే.

క్లాసు మానేశాను. ఆ సీటులో ఇంకెవర్నీ తీసుకోలేదట. మూడు నెలలు ఆవిడకి వండిపెట్టాను, తల దువ్వాను, జడ వేశాను. అది ప్రేమా, భయమా, తప్పు కప్పుకోవడమా? విడదీసి చెప్పడం నాకిప్పటికీ చేతకాదు. ఇప్పుడు ఆవిడ కిచెనర్ అనే ఇంకో ఊళ్ళో ఉంటోంది. ఆఫీసు ఉద్యోగం, మంచి మొగుడు, ఒక కూతురు. ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా నన్ను పక్కకి లాక్కుని అందరికీ చెబుతుంది, సొంత చెల్లెలు కూడా ఇంత చెయ్యదు, నాకు చెయ్యి పోయినప్పుడు ఇదే నా చెయ్యి అని. వాళ్ళందరూ నా వైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను నవ్వుతాను. నవ్వడం బాగా వచ్చేసింది నాకు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అడగడం లేదు. ఆవిడకి చెబుతానో లేదో కూడా తెలియదు. పదకొండేళ్ళుగా పళ్ళ వెనక నొక్కిపెట్టుకున్న మాటని ఒక్కసారి పూర్తిగా బయట పెట్టాలనిపించింది, అంతే.

సీటు ఉందక్కా. ఒక్కటి ఉంది. నేను తీసుకున్నాను.