పార్వతక్క ఉద్యోగం తీసిన రిజల్ట్ పేజీ

నిన్న పొద్దున స్కూల్‌కి బయల్దేరుతుంటే కొరాపుట్ నుంచి ఫోన్.
పార్వతక్క పోయింది. గుండెపోటట. టీ తాగి కప్పు కడుగుతూ అక్కడే కూలబడిపోయిందట.

నమ్మలేదు. పోయిన వారమే నాకు మెసేజ్ పెట్టింది.
నేను రిప్లై ఇవ్వలేదు.

మా బ్యాచ్ గ్రూప్ నిండా దండాలు, పూలు, ‘గ్రేట్ టీచర్’లు. బతికున్నప్పుడు ఒక్కరం కూడా ఆమె గుమ్మం తొక్కలేదు. చదువుతుంటే ఒళ్లు మండుతోంది. అందరికన్నా నా మీద నాకే ఎక్కువ మంట.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. అక్క వాళ్ల నాన్న రాయగడ మునిసిపాలిటీలో మురిక్కాలవలు తీసేవాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అక్క అక్కడే ఒక కంప్యూటర్ సెంటర్‌లో మాకు వెబ్ పేజీలు రాసే జావాస్క్రిప్ట్ చెప్పేది. నేను బజార్లో కిరాణా హోల్‌సేల్ వాళ్లమ్మాయిని. నేనంటే ఆమెకి ప్రాణం.

అందులో అన్‌డిఫైన్డ్ అంటే ఏంటో నాకు పుస్తకంలో ఎక్కలేదు. ఆమె చెప్తే ఎక్కింది.
“సున్నా అంటే ఆడు పరీక్ష రాసేడు, ఏటీ రాలేదు. అన్‌డిఫైన్డ్ అంటే ఆడి మార్కు ఎవులూ ఎయ్యనేలేదు. రెండూ ఒకటనుకోకమ్మి.”

ఫ్రీ సీటు కోసం సెంటర్ వాళ్లు టెస్ట్ పెట్టారు. రిజల్ట్ పేజీ రాసే పని అక్క నాకిచ్చింది. అసలు మార్కు ఉందో లేదో ముందు చూడమని మరీ మరీ చెప్పింది.
నాకు తొందర. నలభై కన్నా తక్కువైతే ఫెయిల్, లేకపోతే పాస్ అని రాసి పడేశాను.

అన్‌డిఫైన్డ్ నలభై కన్నా తక్కువా అని అడిగితే జావాస్క్రిప్ట్ కాదంటుంది. ఎక్కువా అంటే అదీ కాదంటుంది. ఎర్రర్ కూడా చూపించదు. తక్కువ కాదు కదా, నా లైన్ పాస్ చేసేసింది.

పాసైంది ఎవరు? పరీక్షకే రాని, ఓనర్ మేనకోడలు. అందరి ముందూ, స్క్రీన్ మీద.

బంధుగాం నుంచి పిల్లల్ని తీసుకొచ్చిన తండ్రులు గొడవకి దిగారు. ఓనర్ అక్క మీద పడ్డాడు. మునిసిపాలిటీ వాళ్లని తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే ఇంతే అన్నాడు. ఈ పేజీ ఎవరు రాశారని అరిచాడు.

నేను పక్కనే ఉన్నాను. మా నాన్నా ఉన్నాడు.
నేను నాన్న వెనక్కి జరిగాను.

అక్క నా వైపు ఒక్కసారి చూసింది.
“నేనే సరిగ్గా సూడ్లేదండి,” అంది.

ఆ రోజే తీసేశారు. మళ్లీ ఏ సెంటర్ వాళ్లూ ఆమెని గడప ఎక్కనివ్వలేదు. చచ్చేదాకా కొరాపుట్‌లో జెరాక్స్ షాపులో అర్జీలు టైప్ చేసుకుంటూ బతికింది.

నేను దామంజోడిలో కంప్యూటర్ టీచర్‌ని. ఏటా ఆ పాఠం ఆమె మాటల్లోనే చెప్తాను. మా పిల్లలకి ఆమె పేరు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న గ్రూప్‌లో ఒకడు రాశాడు, పాపం పార్వతి మేడమ్ ఆ ఒక్క తప్పు చెయ్యకపోయి ఉంటే ఎక్కడో ఉండేదని. కింద ఇరవై దండాలు.

ఆ తప్పు ఆమెది కాదు. ఆ లైన్ రాసింది నేను.

ఇప్పుడు చెప్తే ఆమెకి ఒరిగేదేమీ లేదు. తెలుసు. అయినా ఆ దండాలు పెట్టిన ప్రతి ఒక్కరూ ఇది చదవాలి.

సెలవక్కా. అక్కడైనా ఎవరి తప్పూ నీ నెత్తిన పడకుండా, ప్రశాంతంగా ఉండు.